ముఖాలొక చోట, పేర్లొక చోట

గోదావరి మన్యం మనుషుల పాత ఫోటోలు చూడాలనుకునేవారికి రాజమండ్రి కంటే లండన్ దగ్గర. రాజమండ్రిలోని గోకవరం బస్టాండులో బస్సెక్కితే పూట తిరిగేలోపు రంపచోడవరంలో దిగవచ్చు. కానీ ఎనభై ఏళ్ళ కిందట కొండరెడ్డి ఇంటి తడిక ఎలా అల్లేవాడో, పోడులో ఆడవాళ్ళు ఏ కర్రతో గుంటలు చేసేవారో కంటితో చూడాలంటే మాత్రం లండన్ విశ్వవిద్యాలయంలోని సోయస్ సంస్థ భాండాగారం తలుపు తట్టాలి. లేదంటే 1945లో లండన్‌లో అచ్చయిన ఒక ఇంగ్లీషు పుస్తకం పాత ప్రతిని ఎక్కడైనా వెతికి పట్టుకోవాలి.

ఈ ఫోటోల మాట ఎత్తితే మన దగ్గర రెండు రకాల జవాబులు వస్తాయి. దొరలు తమ పాలన కోసం తీసుకున్న బొమ్మలు, వాటితో మనకేం పని అనేది ఒకటి. ఎంత బాగున్నాయో, పెద్దవి చేయించి గోడలకు పెట్టిద్దాం అనేది రెండోది. నాకు రెండూ తొందరపాటు మాటల్లాగే తోస్తాయి. మొదటి జవాబు ఫోటోలో ఉన్న మనిషిని వదిలేసి తీసినవాడి మీదే చూపు పెడుతుంది. రెండోది ఆ మనిషిని గోడకు అలంకారం చేస్తుంది. అతనెవరు, ఏ ఊరివాడు, ఎవరి కొడుకు అని అడగటం రెండింటిలోనూ లేదు.

ఆ ప్రశ్న మొదట్లో ఎవరూ అడక్కపోవడానికి కారణముంది. పంతొమ్మిదో శతాబ్దంలో కెమెరా మన దేశపు కొండజాతుల దగ్గరకు వెళ్ళింది మనుషుల కోసం కాదు, నమూనాల కోసం. 1868 నుంచి 1875 వరకు బ్రిటిష్ ప్రభుత్వం ఎనిమిది సంపుటాలుగా తెచ్చిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ ఆ పద్ధతికి పెద్ద ముద్ర వేసింది. ఒక బొమ్మ, కింద జాతి పేరు, పక్కన వాళ్ళ గుణగణాల మీద అధికారి తీర్పు. ఈ జాతి నమ్మదగింది, ఆ జాతి సోమరిది అని అందులో సునాయాసంగా తేల్చేశారు.

మన వైపు ఆ పని చేపట్టినవాడు ఎడ్గార్ థర్‌స్టన్. 1885 నుంచి 1908 దాకా మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేశాడు. కె. రంగాచారి తోడ్పాటుతో 1909లో ‘దక్షిణ భారతదేశపు కులాలు, తెగలు’ అనే ఏడు సంపుటాలు వెలువరించాడు. కులాలూ తెగలూ అన్నీ ఇంగ్లీషు అక్షర క్రమంలో నిఘంటువులో మాటల్లా వరసగా ఉంటాయి. కోయల గురించిన వ్యాసంలో చాలా భాగం దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ రాసిన సంగతులే. థర్‌స్టన్ చేతిలో కెమెరాతో పాటు కొలతల పనిముట్లు కూడా ఉండేవి. తల వెడల్పు, ముక్కు పొడవు, నిలువెత్తు కొలిచి పట్టికలు వేసేవాడు.

కొలతకు నిలబడినవాళ్ళకు ఏమనిపించిందో థర్‌స్టన్ సంపుటాల ముందుమాటలోనే కొంత దొరుకుతుంది. అతను దాన్ని వేళాకోళంగా రాసుకున్నాడు. వయనాడులో పణియ స్త్రీలు అతన్ని చూసి పరుగెత్తారట, తమలో బాగున్నవాళ్ళను ఎంచి, గడ్డి కూరి మద్రాసు మ్యూజియంలో పెడతాడని. నీలగిరుల్లో ఒక ఇరుళ మనిషి ఎత్తు కొలిచే నిలువు కర్రను ఉరికంబం అనుకుని దగ్గరకు రానన్నాడట. చదివినవాళ్ళు నవ్వుకోవాలని రాసిన మాటలివి. నాకైతే ఆ మనుషులు విషయాన్ని బాగానే పసిగట్టారనిపిస్తుంది. మ్యూజియంలో పెట్టడానికే కదా వచ్చింది? ప్రాణం తీయకుండా, గాజు పలక మీద పెట్టాడు, అంతే తేడా.

ఆనాటి బొమ్మల్లో ఎవరూ నవ్వకపోవడానికి, బిగుసుకుని నిలబడటానికి యంత్రం కూడా కొంత కారణం. మొదటి రోజుల్లో గాజు పలకకు రసాయనం పూసి, అది ఆరకముందే బొమ్మ తీసి, అక్కడే చీకటి గుడారంలో కడుక్కోవాలి. పలకలు, మందు సీసాలు, గుడారం అన్నీ పడవ మీద ఎక్కించి పాపికొండల ఇరుకు దాటించడం, ఆ పైన కూలీల తలల మీద కొండెక్కించడం మాటలు కాదు. దానికి తోడు మన్యం జ్వరం. ఏజెన్సీలో ఉద్యోగమంటేనే హడలిపోయిన కాలం అది. కాబట్టి ఫోటోగ్రాఫర్లు వెళ్ళినా రేవుల దగ్గర, కచేరీల దగ్గర ఆగిపోయారు. కొండ దిగి సంతకో, కచేరీకో వచ్చినవాళ్ళే వాళ్ళ చేతికి చిక్కారు. ఊరి నడుమ తన ఇంటి ముందు తన పని తాను చేసుకునే మనిషి బొమ్మ కావాలంటే మరో తరం ఆగాల్సి వచ్చింది.

ఇదే కాలంలో ఇదే కొండల మనుషుల పేర్లు ప్రభుత్వ కాగితాల్లోకి బోలెడన్ని ఎక్కాయి. అవి వేరే రకం కాగితాలు. 1879లో రంప పితూరీ లేచింది. మన్సబుదారు దోపిడీ, కల్లు మీద చిగురుపన్ను దాన్ని రగిలించాయి. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య, ఇలా ముఠాకొక పేరు పోలీసు నివేదికల్లో ఉంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు వరసగా మూడు రోజుల్లో అల్లూరి సీతారామరాజు దళం చేతికి చిక్కినప్పుడు మళ్ళీ పేర్లు రాశారు. గాం గంటందొర, గాం మల్లుదొర, ఇంకా ఎందరో. ఎవరిని పట్టుకున్నారు, ఎవరికి ఎంత శిక్ష పడింది, ఎవరి తలకు వెల కట్టారు అన్న లెక్కల్లో తండ్రి పేరు, ఊరి పేరు కూడా రాసుకున్నారు. పట్టుకోవాలంటే పేరు కావాలి మరి.

చిక్కంతా ఇక్కడే ఉంది. పేర్లున్న కాగితాల్లో ముఖాలు లేవు. ముఖాలున్న పుస్తకాల్లో పేర్లు లేవు. తిరగబడిన మనిషికి పేరు, కొలతకు నిలబడిన మనిషికి జాతి. గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు గనక ఆయనకు రెండూ ఉండే వీలు దక్కింది. మిగతావాళ్ళ ముఖాలు మనం సినిమాల్లో ఊహించుకుంటున్నాం. 1974లో నటుడు కృష్ణ సినిమా వచ్చాక సీతారామరాజు రూపం తెలుగువాళ్ళ కళ్ళలో స్థిరపడిపోయింది. ఆయన పక్కన విల్లు పట్టిన వందలాది మందికి మాత్రం సినిమాలోనూ గుంపుగానే చోటు.

ఈ వరసను కొంతవరకు తప్పించినవాడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త. 1909లో వియన్నాలో పుట్టాడు. నాగా కొండల్లో అంతకుముందే పనిచేశాడు. 1939లో మళ్ళీ భారతదేశం వచ్చేసరికి యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకోవడంతో అతని దగ్గర ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు, అంటే శత్రుదేశపు మనిషి లెక్క. నిజాం రాజ్యం ఎల్లల్లో ఉండటానికి అనుమతి దొరికింది. నల్లమల చెంచుల దగ్గర మొదలుపెట్టి, 1940ల తొలినాళ్ళలో గోదావరి గట్టున కొండరెడ్ల మధ్యకు, తర్వాత ఆదిలాబాదు గోండుల మధ్యకు వెళ్ళాడు. చెంచుల పుస్తకం 1943లో, కొండరెడ్ల పుస్తకం 1945లో, గోండులది 1948లో వచ్చాయి. మూడూ హైదరాబాదు ఆదిమ తెగల వరుసలోవి. భార్య బెట్టీ తోడు వెళ్ళింది.

గోదావరి ఆ రోజుల్లో సరిహద్దు. పాపికొండల పైన కుడిగట్టు నిజాముది, ఎడమగట్టు బ్రిటిష్‌వాళ్ళ ఏజెన్సీ. పడవలో ఆ గట్టు నుంచి ఈ గట్టుకు పిల్లనిచ్చుకునేవాళ్ళు ఒకే జనం. హైమన్‌డార్ఫ్‌కు దొరికిన వెసులుబాటు నిజాం ఇలాకాలో గనక కుడిగట్టు ఊళ్ళకు కెమెరా వెళ్ళింది. అటు పక్క రంప కొండలకు అంత అదృష్టం పట్టలేదు. ఏ ఊరి తాతలకు ఫోటో ఉంది, ఏ ఊరి తాతలకు లేదు అన్నది వియన్నాలో ఎవరికో ఇచ్చిన పాస్‌పోర్టు రంగును బట్టి తేలిపోయింది!

అతని కొండరెడ్లు నిలువు కర్రకు ఆని నిలబడరు. జీలుగు చెట్టు కొట్టి మానులోని గుజ్జు తీసి పిండి చేసుకునే కాలం, మామిడి టెంకల జీడి నానబెట్టి జావ కాచుకునే కాలం, పోడు నరికి తగలబెట్టే కాలం, ఇలా ఏడాది పొడుగునా తిరిగే పనిలో మనిషి కనబడతాడు. అతను ఊళ్ళో నెలల తరబడి మకాం వేశాడు. కొండరెడ్ల భాష తెలుగే. దగ్గర ఉండి చూసినవాడి పనికీ, దుబాసీని పెట్టుకుని ఒక పూటలో కొలిచి వెళ్ళినవాడి పనికీ తేడా కనిపించక మానదు.

అయినా ఆ ఫోటోలను ఒంటరిగా చూడకూడదు. వెదురు మోపు మోసుకొచ్చే రెడ్డి బొమ్మ చూస్తే కొండకోనల్లో హాయిగా బతికే మనిషని అనుకోవడం తేలిక. పుస్తకం చదివితే సంగతి వేరు. నది ఒడ్డు రెడ్లు మైదానం నుంచి వచ్చిన కలప వ్యాపారుల అప్పుల్లో కూరుకుపోయారు. వాళ్ళు కొట్టిన వెదురు తెప్పలై గోదావరిలో కిందికి, రాజమండ్రి వైపు వెళ్ళేది. కూలి చేతికి రాకముందే పాత బాకీలో జమైపోయేది. కొండ మీద ఊళ్ళవాళ్ళు కొంత స్వేచ్ఛగా ఉన్నారనీ, ఒడ్డున ఉన్నవాళ్ళు వెట్టివాళ్ళయ్యారనీ హైమన్‌డార్ఫ్ రాశాడు. అంటే ఆ బొమ్మలో కనిపించని మనిషి ఒకడున్నాడు, రాజమండ్రి షావుకారు. మన ఊరి ఇళ్ళ దూలాల్లో, పందిళ్ళలో ఆ వెదురూ ఆ కలపా ఎంత ఉందో లెక్క కడితే ఈ ఫోటోలు మన ఇంటి ఆల్బంలోకి కూడా వస్తాయి.

హైమన్‌డార్ఫ్‌ను దేవుణ్ణి చేయనవసరం లేదు. అతనూ ప్రభుత్వం జీతం తీసుకున్నవాడే, నిజాం సర్కారుకు తెగల విషయాల్లో సలహాదారు. కాకపోతే సలహా సరైన వైపు ఇచ్చాడు. ఆదిలాబాదు గోండులకు భూమి పట్టాలు, మార్లవాయి శిక్షణ కేంద్రం ఆ కృషి ఫలితాలు. మార్లవాయిలో ఆ దంపతుల సమాధుల దగ్గర గోండులు ఏటా జనవరి 11న, బెట్టీ చనిపోయిన రోజున, చేరతారు. ఇక్కడ పాపికొండల్లో అలాంటిదేమీ లేదు. కారణం ఊహించడం కష్టం కాదు. గోండులకు ఆయన పని చేతికందింది, రెడ్లకు పుస్తకం మాత్రమే మిగిలింది, అదీ ఇంగ్లీషులో.

ఇక మైదానంలో మనం తయారు చేసుకున్న బొమ్మలున్నాయి. సంతల్లో, పట్నం కూడళ్ళలో ఈకలు కట్టుకుని మూలికలమ్మే ‘కోయదొర’ మనకు తెలుసు. నిజమైన కోయ ఊళ్ళకూ ఆ వేషానికీ ఉన్న బంధుత్వం బహు స్వల్పం. సినిమా ఆ వేషాన్నే తీసుకుని హాస్యానికీ, హీరోయిన్ పాటకూ వాడుకుంది. 1973లో ‘అందాల రాముడు’, 2006లో ‘గోదావరి’ రెండూ రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా లాంచీ మీదే సాగాయి. రెండూ నాకు ఇష్టమైన సినిమాలే, ఆ మాట దాచను. కానీ లాంచీ మీద నుంచి కనిపించే మన్యం అంటే గట్టు, పొగమంచు, అప్పుడప్పుడు చెయ్యూపే పిల్లలు. పాపికొండల విహారానికి వెళ్ళిన లక్షల మంది సెల్‌ఫోన్లలో ఉన్నదీ అదే. పేరంటపల్లిలో దిగి, బాలానందస్వామి మునివాటం చూసి, కొండరెడ్లు వెదురుతో చేసిన పువ్వులు కొని, అమ్మిన ఆవిడను ఒక ఫోటో తీసి లాంచీ ఎక్కుతారు. పేరడిగినవాళ్ళు ఎందరు? థర్‌స్టన్ కనీసం జాతి పేరైనా రాసుకున్నాడు.

సర్కారు వేడుకలదీ ఇదే తీరు. కోయల కొమ్ము నృత్యం లేని గిరిజనోత్సవం ఉండదు. అడవిదున్న కొమ్ములు, మెడలో పెద్ద డోలు. పెళ్ళిలోనో, భూమి పండుగలోనో ఆడే ఆట మంత్రిగారు రాగానే మొదలై, ఆయన కూర్చోగానే ఆగుతుంది. మర్నాడు పత్రికలో బొమ్మ పడుతుంది. కింద మంత్రిగారి పేరుంటుంది.

ఇది మనకొక్కరికే పట్టిన జబ్బు కాదు. ఉత్తర అమెరికా ఆదివాసులను ఫోటోలు తీసి ఎడ్వర్డ్ కర్టిస్ 1907 నుంచి 1930 వరకు ఇరవై సంపుటాల్లో అచ్చు వేశాడు. గుడారంలో ఇద్దరు పీగన్ మనుషులు కూర్చున్న ఒక బొమ్మలో వాళ్ళ మధ్య గడియారం ఉంది. అచ్చు వేసేటప్పుడు దాన్ని చెరిపేశారు. ఆదిమవాసి దగ్గర గడియారం ఉంటే కొనేవాళ్ళకు రుచించదని కాబోలు. చెరపని పలక దొరికింది కాబట్టి ఈ సంగతి తెలిసింది.

అయితే తర్వాతి కథ కూడా అక్కడిదే, దాని మీదే మన దృష్టి ఉండాలి. కెనడా జాతీయ భాండాగారం 2002లో పేర్లు పెట్టే పథకం ఒకటి మొదలుపెట్టింది. ఉత్తరాది ఇన్యూట్ ఊళ్ళకు పాత ఫోటోలు తీసుకెళ్ళి, పిల్లలు పెద్దల పక్కన కూర్చుని ఇదెవరు, అదెవరు అని అడిగి రాసుకునేట్టు చేసింది. క్రీ రచయిత పాల్ సీసెక్వాసిస్ 2015 నుంచి కెనడా ఆదివాసుల పాత బొమ్మలను జనం ముందు పెట్టి, వాళ్ళు చెప్పిన పేర్లతో కథలతో 2019లో పుస్తకం తెచ్చాడు. ఫోటో కింద ‘స్త్రీ, బిడ్డ’ అని ఉన్నచోట ఒక మనవరాలు వచ్చి, ఇది మా అమ్మమ్మ అంది. ఆ క్షణాన ఆ బొమ్మ మీద ఫోటోగ్రాఫరుకున్న పెత్తనం సగం పోయినట్టే.

గోదావరి మీద ఆ పని చేయడం నిజానికి తేలిక కావాలి. హైమన్‌డార్ఫ్ తన రాతల్లో ఊళ్ళ పేర్లు, చాలా మంది మనుషుల పేర్లు, ఎవరికెవరు చుట్టమో రాసిపెట్టాడు. అతని బొమ్మలు ఒక వరసలో, రాతలు ఇంకో వరసలో ఉన్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి, కోయిదా, కాకిస్‌నూరు, పేరంటపల్లి వైపు పెద్దలను కూర్చోబెడితే చాలా ముఖాలకు పేర్లు దొరుకుతాయి. కానీ 1941లో పదేళ్ళ పిల్లాడికి ఇప్పుడు తొంభై దాటింది.

పైగా ఊళ్ళే కదిలిపోతున్నాయి. పోలవరం ముంపులోకి 370కి పైగా ఆవాసాలు వస్తున్నాయి, లక్షకు పైగా కుటుంబాలు లేవాలి. హైమన్‌డార్ఫ్ మకాం వేసిన గట్టు ఊళ్ళు అందులోవే. 2014లో వేలేరుపాడు, కుక్కునూరు వంటి మండలాలను తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మార్చిందే ప్రాజెక్టు కోసం. దేవీపట్నం మండలం జనం కొందరు ఇప్పటికే ఇందుకూరు, కృష్ణునిపాలెం కాలనీల్లో ఉన్నారు. వేలేరుపాడు, కుక్కునూరు వాళ్ళకు తాడువాయి వైపు కట్టారు. ఒకే ఊరివాళ్ళు మూడు కాలనీల్లోకి చెదిరాక, ఫోటో చూసి గుర్తుపట్టడానికి పదిమంది ఒకచోట కూడటమే కష్టమవుతుంది. ముసలివాళ్ళు ఒకరు మరచిన పేరును ఇంకొకరు అందిస్తారు. ఆ ఇంకొకరు వేరే కాలనీలో ఉంటే?

ఈ బొమ్మలకు మురిపెం కాకుండా మరో ఉపయోగమూ ఉంది, దాన్ని మనవాళ్ళు పట్టించుకున్నట్టు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి పట్టా అడగాలంటే సాక్ష్యం చూపాలి. 2008 నియమాల్లో పేరున్న సంస్థల పరిశోధనలు, ఆచారవ్యవహారాల నమోదులు కూడా సాక్ష్యాల జాబితాలో ఉన్నాయి. 1940ల నాటి ఫోటోలో ఫలానా కొండ వాలు మీద పోడు కనిపిస్తే, కింద ఊరి పేరుంటే, అది అధికారి ముందు పెట్టదగ్గ కాగితమే. ఫోటోకు ఊరు, పేరు కావాలన్న నా పట్టుదలకు సగం కారణం ఇది. పేరు లేని బొమ్మ ప్రదర్శనకు పనికొస్తుంది, దరఖాస్తుకు పనికిరాదు.

తిరిగి ఇవ్వడంలోనూ జాగ్రత్త కావాలి. పాత బొమ్మల్లో చాలా మంది స్త్రీలకు రవికె లేదు. ఆనాటి వాడుక అది, అందులో సిగ్గు పడాల్సింది వాళ్ళు కాదు. కానీ ఇప్పుడు కాలేజీకి వెళ్ళే మనవరాలు తన ముత్తవ్వను రాజమండ్రి ఎగ్జిబిషన్ గోడ మీద అందరూ చూడటానికి ఒప్పుకోకపోవచ్చు. అలాగే చావు తంతుల బొమ్మలు. ఆస్ట్రేలియాలో వారుముంగు జనం దీనికొక దారి వెతికారు. ఏ బొమ్మ ఎవరు చూడవచ్చో, చనిపోయినవారి బొమ్మ ఎప్పుడు మూసి ఉంచాలో ఆ తెగవాళ్ళే నిర్ణయించేట్టు ముకుర్తు అనే కంప్యూటర్ వ్యవస్థ తయారైంది. మన అరకు మ్యూజియంలో, హైదరాబాదు గిరిజన మ్యూజియంలో కొలువైన మట్టి బొమ్మల మనుషుల గురించి ఎవరి అనుమతి అడిగారు అనే ప్రశ్న కూడా అప్పుడు వస్తుంది. రానివ్వండి.

ఇప్పుడు మన్యంలో ఫోటోకు కరువు లేదు. కొందరు పెద్దవాళ్ళకు తమ ఒంటరి ఫోటో అంటే మొదట రేషన్ కార్డుది, తర్వాత ఆధార్‌ది. అవి కూడా ఒక రకం కొలత ఫోటోలే, కాకపోతే కింద పేరుంది. ఆశ్రమ పాఠశాల గ్రూపు ఫోటోలు, రంపచోడవరం స్టూడియో పెళ్ళి ఆల్బములు, కోయ కుర్రాళ్ళు యూట్యూబులో పెట్టే పండుగ పాటలు వచ్చాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీరు 71 అడుగులు దాటినప్పుడు వరద ఈ ఇళ్ళలోకీ వచ్చింది. గోడ మీద పెళ్ళి ఫోటో వరదపాలైతే దాని నకలు ఏ లండన్‌లోనూ ఉండదు. కాబట్టి సేకరణ మొదలుపెడితే విదేశపు పెట్టెల దగ్గరే కాదు, కాలనీల్లో ఇనప బీరువాల మీద ఉన్న ఆల్బముల దగ్గర కూడా మొదలుపెట్టాలి.

దీనికి పెద్ద భవనం అక్కర్లేదు. రాజమండ్రిలో గోదావరి గట్టున రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం ఉంది, గౌతమీ గ్రంథాలయం ఉంది, 1922లో పుట్టిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వారసత్వం ఉంది. శాసనాల నకళ్ళు తీయడానికి ఆ తరం పండితులు ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరిగారు. ఇప్పుడు కావలసింది ఒక స్కానరు, సోయస్‌కు ఒక ఉత్తరం, కోయ భాష వచ్చిన ఇద్దరు, కొండరెడ్ల ఇళ్ళ నుంచి చదువుకుని వచ్చిన ఇద్దరు. ఉద్యోగం ఆ నలుగురికి ఇవ్వాలి, మనకు కాదు. మొదటి మజిలీ తాడువాయి కాలనీ అయితే మంచిది. గట్టు ఊళ్ళ ముసలివాళ్ళు కొందరు అక్కడే ఉన్నారు, గోకవరం బస్టాండు నుంచి కాకపోయినా జంగారెడ్డిగూడెం నుంచి ఆటోలు దొరుకుతాయి.